వంకాయ వేరు మీద టమాట

నాకు కోపం వస్తే ఎవరున్నారో చూసుకోను. శంషాబాద్ ఇంటర్‌నెట్ సెంటర్‌లో ఆ రోజు కంప్యూటర్ మీదే అరిచేశాను. "మా బాపు చెట్ల మీద రాసింది సదవాలంటే నేనే డాలర్లు కట్టాలెనా?"

అప్పటికి విమానాశ్రయం వచ్చి మూడు నాలుగేళ్లు. నేను డిగ్రీ చదువుతున్నాను. మా టమాట తోటలో మొక్కలు పచ్చగా ఉండగానే ఉన్నట్టుండి తల వాల్చేస్తున్నాయి. "మల్లొక్క పంట చూస్త. గది గూడ పోతే ఇగ భూమి ప్లాట్లోళ్లకు ఇచ్చేస్త," అన్నాడు బాపు. మర్నాడే ఆ తెగులు గురించి వెతకడానికి సెంటర్‌కు వెళ్లాను.

అంతకు కొన్నేళ్ల ముందు ఎవరో సార్లు జీపులో వచ్చి, మా తోటలో వాడిన మొక్కలు వేళ్లతో సహా పట్టుకుపోయారు. చల్ల తాగి వెళ్లారే గాని, ఏం తేలిందో మళ్లీ వచ్చి చెప్పలేదు. బాపు వాళ్లను తిట్టని రోజు లేదు. ఇప్పుడు నా ముందున్నది వాళ్లు రాసిన పరిశోధన వ్యాసమే. పైన శంషాబాద్ టమాట తోటల పేరుతో నాలుగు ముక్కలు కనిపిస్తున్నాయి, మిగతాదానికి డాలర్లు కడితేనే తీసే తాళం.

సెంటర్ నడిపే అన్న నా పక్కకు వచ్చాడు. "జర ఆగు చెల్లె. దాని పేరు మొత్తం కొట్టు. ఇంకోకాడ ఉంటదేమో."

కొట్టాను. ఆ సార్లలో ఒకాయన పనిచేసే విశ్వవిద్యాలయం సైట్‌లో వ్యాసం మొత్తం ఉంది, ఎవరైనా చదువుకొమ్మని. పైసా అడగలేదు, నువ్వెవరని అడగలేదు. కాగితాలు తీయించుకుని ఇంటికి ఎలా వచ్చానో నాకే తెలియదు.

తెగులు మట్టిలోని సూక్ష్మజీవి వల్లనట. మందు కొట్టి లాభం లేదు. దాన్ని తట్టుకునే ఒక వంకాయ రకం వేరు మీద టమాట కొమ్మ అంటుకట్టాలట.

బాపు పకపకా నవ్వాడు. "వంకాయ చెట్టుకు టమాట కాస్తదా? కాలేజీల గిదేనా చెప్పేది?"

ఉక్రోషంతో వాడిన మొక్క కాండం కోసి గ్లాసుడు నీళ్లలో నిలబెట్టాను. వ్యాసంలో చెప్పినట్టే కోసిన చోటు నుంచి ఆ సూక్ష్మజీవుల జిగురు పాలలాంటి తెల్లటి దారంలా నీళ్లలోకి దిగింది. బాపు నవ్వు ఆపి గ్లాసు ముందు గొంతుక్కూర్చున్నాడు.

"ఇంకేం రాసిన్రు? సదువు."

చివరిదాకా చదివాను. మొక్కలిచ్చిన శంషాబాద్ రైతుకు కృతజ్ఞతలని ఆఖరి పేజీలో ఉంది.

"గది నేనే," అన్నాడు బాపు. ఆ ఒక్క వాక్యం మూడుసార్లు చదివించుకున్నాడు.

ఆ వంకాయ విత్తనం తెప్పించాం. సైకిల్ వాల్వు రబ్బరు ముక్కలతో అంట్లు కట్టాం. నా చేతిలో సగం చచ్చాయి, బాపు చేతివి బతికాయి. నేను వ్యాసాన్ని తెలుగులో నాలుగు పేజీలు రాస్తే, బాపు కాపీలు తీయించి టమాట వేసే ప్రతి ఇంటికీ ఇచ్చి వచ్చాడు.

తోట నిలబడింది. భూమి అడగడానికి ప్లాట్లతను బండేసుకుని వస్తే బాపు అతని సంచి నిండా టమాటలు పోసి పంపేశాడు. ఆ సాయంత్రమే నన్ను పిలిచాడు.

"గా సారుకు ఉత్తరం రాయి బిడ్డా. వచ్చి టమాటలు తీస్కపొమ్మను. ఇన్నేండ్లు తిట్టిన సంగతి మాత్రం రాయకు."

నేను రెండూ రాశాను.