ఇంగ్లండు పెన్ను, మన్సూరాబాద్ సంతకాలు

ఒక్క బొటనవేలి గోరుతో మూడు వీధుల జనం సంతకాలు చెరిపేసిన మనిషిని నేను. తలుచుకుంటే ఇప్పటికీ కాళ్లు పీకుతాయి. చెయ్యి చేసిన తప్పుకి కాళ్లెందుకు పీకాలని మీరు అడగవచ్చు. చెబుతాను, కాస్త కూర్చోనివ్వండి.

తెలంగాణ ఉద్యమం జోరుగా సాగుతున్న రోజులవి. మాది తెనాలి. దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్‌లో ఇంగ్లీషు గ్రామరు చెబుతూ, మన్సూరాబాద్‌లో కిరాయికి ఉండేవాణ్ణి. పాఠం ఉన్న రోజు నిలబడి అలిసిపోయేవాణ్ణి. మధ్యాహ్నానికి బస్సులు ఆగిపోయిన రోజు ఎల్బీనగర్ మీదుగా ఇంటికి నడిచి అలిసిపోయేవాణ్ణి. ఊళ్లో అన్నీ బంద్ అయ్యేవి గానీ నా అలసటకు మాత్రం ఒక్కరోజూ సెలవు దొరకలేదు.

అలాంటి ఒక నడక రోజున, ఫుట్‌పాత్ మీద పాత గడియారాలు, కళ్లద్దాలు పరుచుకున్న ఒకాయన దగ్గర ఆ పెన్ను కనిపించింది. ముదురాకుపచ్చ రంగు, మీద పాలరాతికి ఉన్నట్టు చారలు. ఎండకు ఏటవాలుగా పట్టి చూస్తే, అరిగిన అక్షరాల్లో ‘మేడ్ ఇన్ ఇంగ్లండ్’ అని ఉంది.

“అస్లీ మాల్ సార్. ఇంకు నింపే పెట్టిన, జర రాసి చూడు,” అన్నాడాయన.

రాశాను. నెయ్యి రాసిన పెనం మీద గరిటె తిరిగినట్టు తిరిగింది పాళీ. కొంచెం నొక్కితే గీత లావెక్కుతోంది, చెయ్యి తేలిక చేస్తే సన్నబడుతోంది. నా పేరు ఆరుసార్లు రాసుకున్నాను. నా పేరు అంత అందంగా ఉంటుందని అప్పటిదాకా నాకు తెలియదు. ధర అడిగితే రెండు ప్లేట్ల ఇడ్లీ ఖరీదు చెప్పాడు. బేరమాడే ఓపిక లేక ఇచ్చేశాను.

మా ఇంటి ఓనరు యాదగిరి గారు నల్లగొండ దగ్గరి పల్లె నుంచి వచ్చి, ఏళ్ల తరబడి లారీ తోలి, ఇల్లు కట్టుకున్న పెద్దమనిషి. కాలనీలో ఉద్యమ టెంటు ఆయనే నడిపేవారు. ప్రత్యేక రాష్ట్రం కావాలని కలెక్టరుకు ఇవ్వడానికి, వారం రోజులు ఇల్లిల్లూ తిరిగి సంతకాలు పెట్టించారు. ఆ కాగితాల పైన వదిలిన ఖాళీలో నాలుగు ముక్కలు రాయడానికి మంచి దస్తూరి కావలసి వచ్చింది.

“సారూ, నీ రాత మంచిగుంటది. జర దరఖాస్తు రాసియ్యరాదు,” అన్నారు.

పక్కింటివాళ్లు కూడా మాట తూచి మాట్లాడుకుంటున్న రోజుల్లో, ఆంధ్రా మనిషిని నమ్మి పిలిచారు. నాకు కడుపు నిండిపోయింది.

టెంటులో బల్ల మీద సంతకాల కాగితాలు, వీధికొకటి చొప్పున, వరుసగా అతికించి పరిచారు. పదిమంది చూస్తుండగా కొత్త పెన్నుతో రాశాను. అక్షరాలు ముత్యాల్లా వచ్చాయి. అప్పుడే లేచి ఇంటికి పోయి ఉంటే మీకు ఈ శ్రమ ఉండేది కాదు. కానీ యాదగిరి గారు, “పెన్ను ఏడిది సారూ?” అని అడిగారు. పాఠాలు చెప్పేవాణ్ణి ప్రశ్న అడగడం ఎంత ప్రమాదమో పాపం ఆయనకు తెలియదు.

“ఇంగ్లండుది. అక్కడి దొరలు వాడింది,” అన్నాను. దొరలు వాడారని నాకెవరూ చెప్పలేదు.

“పక్కకు గీ పుల్ల ఏంది?”

పెన్ను ఒంటికి అతుక్కుని సన్నటి లోహపు పుల్ల ఉంది. అదేమిటో నాకు తెలియదు. ‘తెలియదు’ అన్నది నాలుగక్షరాల మాట. అది నా నోట రాలేదు.

“కొక్కెం. దొరలు కోటుకు తగిలించుకునేవారు.”

“మరి మూతకున్నదేంది?”

“మూతది చొక్కాకి. ఇది కోటుకి.”

“రెండిటికి ఒక్కపారే తగిలిస్తరా?”

“చలి దేశం కదండీ,” అన్నాను. ఆ జవాబు నా తలలో ఎక్కడ పుట్టిందో ఇప్పటికీ అంతుబట్టదు.

“ఏదీ, తీసి సూపియ్యి.”

పెన్నును కాగితాల మీదుగా పట్టుకుని, బొటనవేలి గోరుతో పుల్లను పైకెత్తాను.

పాత పెన్నులు తెలిసినవాళ్లు ఈపాటికి తల పట్టుకుని ఉంటారు. అది కొక్కెం కాదు, లోపలున్న రబ్బరు తిత్తిని నొక్కే మీట. ఖాళీ పెన్నులోకి సిరా పీల్చడానికి దాన్ని ఎత్తి దించాలి. నిండిన పెన్నుకు ఎత్తితే ఏమవుతుందో టెంటులో అందరం కలిసి తెలుసుకున్నాం. మొదటి వీధి మునిగింది. ఉలిక్కిపడి చెయ్యి విదిలించాను, రెండో వీధితో పాటు యాదగిరి గారి తెల్లచొక్కా కూడా పోయింది. చేతిరుమాలుతో తుడవబోయి మూడో వీధిని కూడా కలిపేశాను.

వెనక నుంచి ఒక గొంతు నెమ్మదిగా, “సారు గుంటూరు దిక్కాయన గద,” అంది.

ఇల్లు ఖాళీ చేసి సామాన్లు ఎందులో వేసుకుని పోవాలా అని కూడా ఆలోచించేశాను. యాదగిరి గారు చొక్కా చూసుకున్నారు, నన్ను చూశారు.

“ఏమనకుండ్రి. కావాలని చేసేటోడు గంత మంచిగ రాయడు,” అని వాళ్లతో అన్నారు. తర్వాత నాతో, “మల్ల రాయి సారూ. సంతకాలు గూడ నువ్వే తే,” అన్నారు.

అలా నాలుగు రోజులు, ఎండలో, తెలంగాణ కోసం ఒక తెనాలివాడు మన్సూరాబాద్ అంతా తిరిగాడు.

“ఏ ఊరు బిడ్డా నీది?” అని ఒక ముసలమ్మ అడిగింది. చెప్పాను. ఆమె కోడల్ని కేకేసి పిలిచింది, “జర బయటికొచ్చి చూడు, ఎవరొచ్చిండ్రో.”

మరో వీధిలో కృష్ణా జిల్లా నుంచి వచ్చి స్థిరపడిన ఒక పెద్దాయన తలుపు సగమే తీశారు. “ఏంటయ్యా, నువ్వు మనవాడివే కదా. ఎవరైనా బెదిరించారా?”

“లేదండీ. పెన్ను కక్కింది.”

ఆయనకు అర్థం కాలేదు. మొత్తం కథ చెప్పాల్సి వచ్చింది. ఆ కథ ఇంటికొకసారి చొప్పున చెప్పాను. గ్రామరు పాఠమే నయమనిపించింది.

మధ్యలో మూసారాంబాగ్‌లో పెన్నులు బాగుచేసే ఒకాయనకు దాన్ని చూపించాను. “ఇంగ్లండుదే సార్. గాడ బడి పిల్లలు రాసుకునేటిది. రాత మటుకు మస్తుంటది. మీటతోని జాగ్రత్త,” అన్నాడు.

“తెలుసు,” అన్నాను. ఆ మాట అనే అర్హత నాకు అప్పటికి పూర్తిగా వచ్చింది.

అయిదో రోజు కాగితాలు యాదగిరి గారి చేతిలో పెట్టాను. ఆయన కళ్లద్దాలు పెట్టుకుని నిదానంగా చూశారు. “నాకు పెట్టనోళ్లు గూడ నీకు పెట్టిండ్రు సారూ,” అన్నారు. నిజమే. వింత చూడ్డానికి వచ్చినవాళ్లు పెట్టారు, నా ముఖం చూసి జాలిపడి కృష్ణా జిల్లా పెద్దాయన కూడా పెట్టారు.

యాదగిరి గారు కాగితాలు మడిచి లోపల పెట్టి, చల్లగా అన్నారు: “నల్లా నీళ్ల కోసం ఇంకో దరఖాస్తు పెట్టాలె. రేపు టెంటుకు రా. గా పెన్ను గూడ పట్కరా.”

ఆ సాయంత్రం వాచిన పాదాలు వేడినీళ్లలో పెట్టుకుని, తూర్పుముఖంగా కూర్చుని ప్రమాణం చేశాను. ఇకమీదట ఎవరేమడిగినా, తెలియకపోతే తెలియదనే చెబుతాను. తెలిసినా సరే, ముందు కాగితాలు దూరంగా జరిపి చెబుతాను.