తెరకు ఇవతల

గుడ్డ కత్తిరించే ముందు దర్జీ దాన్ని బల్ల మీద పరిచి అరచేత్తో మెల్లగా తడతాడు. పసిబిడ్డను జోకొడుతున్నాడేమో అనిపిస్తుంది చూసేవాళ్ళకు. ఆ తర్వాత కత్తెర ఆగదు.

దుకాణం ఒకే గది, వెనక ఇల్లు. గది మధ్యలో తెర. ఇవతల, అద్దం ముందు, మగవాళ్ళకు ఆయన కొలతలు తీస్తాడు. అవతల ఆడవాళ్ళకు భార్య తీసి అంకెలు పైకి చెబుతుంది. పెళ్ళయిన నాటి నుంచీ ఇదే పద్ధతి.

వాళ్ళకు ఒక్కటే సంతానం. కూతురనుకునే పెంచారు. చదువు ముగిసే వేళకు, తాను మగవాణ్ణని, ఊహ తెలిసినప్పటి నుంచీ అంతేనని ఇంట్లో చెప్పాడు. తల్లి ఏడ్చింది, పోట్లాడింది, చివరికి ‘ఒరేయ్’ అని పిలవడం మొదలుపెట్టింది. తండ్రి మాత్రం ఏ పిలుపూ లేకుండా నెట్టుకొస్తున్నాడు.

ఇప్పుడు వాడికి దూరపు ఊళ్ళో ఉద్యోగం వచ్చింది.

“ఈ వీధిలో ఉద్యోగంలో చేరిన ప్రతి కుర్రాడికీ నువ్వే చొక్కా కుట్టావు నాన్నా. నాకూ కుట్టు. లేదంటే కొనుక్కుని వెళ్ళిపోతాను.”

వెళ్ళిపోతానన్న మాట దర్జీకి ముల్లులా దిగింది.

“అక్కడివాళ్ళు ఏమనుకుంటారు?”

“అందరూ నా ఈడువాళ్ళే. చెప్పాను. సరే అని, క్యాంటీన్ ఎటో చూపించారు.”

“మా కాలంలో ఇలాంటివాళ్ళు లేరు.”

“ఉన్నారు నాన్నా. నీ దగ్గరికి కొలతలివ్వడానికి రాలేదంతే.”

దర్జీకి ఒకావిడ గుర్తొచ్చింది. ఎప్పుడొచ్చినా ఒక పాత చొక్కా ఆదికి తెచ్చి, అన్నయ్యకి కుట్టమనేది. ఆ అన్నయ్యను ఎవరూ చూడలేదు.

చొక్కా కుట్టాడు. కొలతలు తీయలేదు. బిడ్డను తెరకు ఏ పక్క నిలబెట్టాలో తోచక, బీరువాలోంచి వాడి పాత కుర్తా తీసి దాని ఆదితోనే కత్తిరించాడు. కాలరు, జేబు, గుండీలు, అన్నీ మగవాళ్ళ పద్ధతే. ఆది మాత్రం ఆడపిల్లది. చెయ్యి తన అలవాటు మానలేదు. ఛాతీ కింద, ఆడవాళ్ళ జాకెట్లకు వేసే బిగువు కుట్టు మడతలు పడ్డాయి.

సాయంత్రం వాడు తొడుక్కుని అద్దంలో చూసుకున్నాడు. ఏళ్ళుగా దాచుకుంటున్న ఒంటిని ఆ చొక్కా అచ్చు గుద్దినట్టు చూపించింది. గుండీలు ఒక్కొక్కటే విప్పాడు. నలగకుండా మడిచి బల్ల మీద పెట్టాడు.

“కుట్టు బాగుంది నాన్నా,” అని లోపలికి వెళ్ళాడు.

భార్య చొక్కా తిరగేసి చూసింది. “ముక్కూమొహం తెలియనివాళ్ళకి ఒళ్ళు దగ్గర పెట్టుకుని కుడతారు. వీడికి కొలత తీయలేదా?”

“నేనెలా తీస్తానే? నువ్వు తీయాల్సింది.”

“నేను తీసేది తెర వెనక. వాడు అక్కడికి రాడు. పెళ్ళికూతురికి కూడా లేని సిగ్గు మీకెందుకండీ?”

దర్జీ మడతలు విప్పాడు. దారం వచ్చేసింది. సూది గుర్తులు పోలేదు.

మర్నాడు పొద్దున్నే షట్టరు పూర్తిగా పైకెత్తి, చొక్కాకి కొత్త గుడ్డ దించాడు. వీధిలో జనం పనులకు పోతున్నారు. లోపలికి కేకేశాడు. కొడుకు వచ్చి, తెర వైపు చూసి ఆగిపోయాడు.

“అటు కాదురా. ఇలా అద్దం ముందుకి రా.”

టేపు భుజాల మీదుగా లాగాడు. ఛాతీ చుట్టూ తిప్పి, నాలుగు వేళ్ళ వదులు ఉంచాడు.

“ఊపిరి బిగబట్టకు. మామూలుగా నిలబడు,” అన్నాడు.

తర్వాత చేతుల కొలత తీశాడు.