పదకొండో నంబరు గుడ్డముక్క

ఎనిమిదేళ్ళుగా ఒక మాట మోస్తున్నాను. పెద్ద మాటేం కాదు. పట్టుమని పది పదాలు ఉండవు. అబద్ధం కూడా కాదు. ఇన్నాళ్ళూ నన్ను కాపాడిందీ అదే, తినేసిందీ అదే. అబద్ధమైతే ఏనాడో ఎవరి దగ్గరో ఒప్పేసుకునేదాన్నేమో. ఉన్న సంగతి చెప్పి పాపం చేసినవాళ్ళు ఎవరి ముందు ఒప్పుకోవాలి? అందుకే మీకు చెబుతున్నాను. నేను మీకు తెలియను, మీరు నాకు తెలియరు. ఇందులో మనుషుల పేర్లు మార్చాను. నా పేరు అసలు రాయను.

నరసన్నపేటలో కుట్టుపని చేస్తాను. జాకెట్లు, స్కూలు యూనిఫాంలు, వాటితోపాటు బాస్కెట్‌బాల్ జెర్సీలు. హైస్కూల్లో నేనూ ఆడేదాన్ని. పెళ్ళయ్యాక బంతి పోయింది గానీ పిచ్చి పోలేదు. కొట్టు గ్రౌండుకి ఎదురుగానే ఉంటుంది. మిషను తొక్కుతూ తలెత్తితే బుట్ట కట్టిన రింగు కనిపిస్తుంది. ఆ కొట్టే కావాలని మా ఆయనతో నెల్లాళ్ళు దెబ్బలాడాను. గిరాకీ బాగుంటుందని చెప్పాను. అది అబద్ధం కాదు, పూర్తి నిజమూ కాదు. నా తీరు అంత. ముందే తెలుసుకోండి.

మా వైపు అయిదు ఊళ్ళ జట్లు ఏటా చలికాలం ఆదివారాల్లో ఒకరితో ఒకరు మూడేసిసార్లు ఆడతాయి. మాది, పొందూరు, చీపురుపల్లి, ఇంకో రెండు. ఫోన్లలో అమెరికా ఆటలు చూసే మావాళ్ళు అక్కడి పద్ధతి ఒకటి తెచ్చి ఇక్కడ పెట్టారు. అట్టడుగున మిగిలిన జట్టు, మరుసటి ఏడాది కొత్తగా వచ్చే ఆటగాళ్ళలో అందరికంటే ముందు తనకు నచ్చినవాణ్ణి ఎంచుకోవచ్చు. ఓడినవాడికి కాస్త ఆసరా అన్నమాట. అక్కడ దాన్ని డ్రాఫ్టు పిక్కు అంటారట. మేం వంతు అంటాం. ఒక జట్టు తన వంతును ఇంకో జట్టుకు ఇచ్చి, బదులుగా వాళ్ళ మనిషిని తీసుకోవచ్చు. వినడానికి బాగానే ఉంది కదా? ఇందులో పాపానికి చోటెక్కడుందని మీకు అనిపించవచ్చు. నాకూ అలాగే అనిపించింది.

పైడిరాజు మా పేట జట్టులో ఏడేళ్ళు ఆడాడు. పదకొండో నంబరు. పొందూరు అమ్మాయి గౌరిని చేసుకుని, ఆ ఊళ్ళోనే మోటార్లు చుట్టే పని చూసుకుని, అటే వెళ్ళిపోయాడు. ఇక అతను పొందూరుకే ఆడాలి. ఊరికే ఇస్తామా? మీ వచ్చే ఏటి వంతు మాకివ్వండి, పైడిరాజును తీసుకోండి అన్నారు మావాళ్ళు. కాగితం రాసుకున్నారు. ఆ రోజు నుంచి పొందూరు ఎంత కిందికి దిగితే మాకు అంత మంచి కుర్రాడు దొరుకుతాడు.

ఏ కుర్రాడు కావాలో నాకు ముందే తెలుసు. కళింగపట్నం వైపు పల్లె నుంచి వచ్చి కాలేజీలో చదువుతున్న నూకరాజు. సముద్రం మీద బతికే ఇంటివాడు. చొక్కా కుట్టించుకోవడానికి వచ్చాడు. చెయ్యి చాపమని టేపు పెట్టాను. భుజం నుంచి మణికట్టు దాకా కొలిచి, నమ్మలేక మళ్ళీ కొలిచాను. అంతంత చేతులు మా గ్రౌండులో నేను చూడలేదు. చొక్కా కుడుతున్నంతసేపూ ఆ చేతులకు మా నీలం జెర్సీయే తొడిగి చూసుకున్నాను.

అప్పటి నుంచి పొందూరు ఓడిపోవాలని కోరుకోవడం మొదలుపెట్టాను. నేనొక్కదాన్నేనా? ఊరంతా. తమ జట్టు గెలుపు పట్టనివాళ్ళు కూడా పొందూరు స్కోరు అడిగేవారు. ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకు నిప్పడిగినవాడి కథ విని నవ్వుకుంటాం గానీ, మేం ఇల్లు ఎప్పుడు కాలుతుందా అని చుట్ట చేత్తో పట్టుకుని కూర్చున్నాం. అమ్మవారికి కొబ్బరికాయ మొక్కుకున్నాను. మావాళ్ళు గెలవాలని కాదు, వాళ్ళు ఓడాలని. మిషను పక్క గోడ మీద బట్టలకు గీసే సుద్దతో పొందూరు ఆటల పట్టిక గీశాను.

వాళ్ళు వరసగా మూడు గెలిచారు.

నాకు అనుమానం జబ్బు అప్పుడే పట్టుకుందో, ముందే ఉందో తెలియదు. మూడు ఎలా గెలిచారు? కావాలనే మన వంతు చెడగొట్టడానికి ఆడుతున్నారా? పైడిరాజు అంత కసిగా ఎందుకు ఎగురుతున్నాడు? మనం వదిలేశామనా? ఏడేళ్ళు నా చేత్తో కుట్టిన జెర్సీ వేసుకున్న మనిషి, ఇప్పుడు నా నూకరాజుకు అడ్డం నిలబడ్డాడు. ఇలా అనుకున్నాను, సిగ్గు లేకుండా. నాలుగో ఆటలో పొందూరు ఒక్క పాయింటుతో ఓడింది. చివర్లో పైడిరాజు వెయ్యాల్సిన రెండు ఫ్రీ త్రోలు, ఎవరూ అడ్డం రాని బంతులు, రెండూ రింగుకి తగిలి బయటికొచ్చాయి. ఎవరికైనా తప్పుతాయి. గోడ మీద సుద్దతో అడ్డగీత గీసి, మా ఆయనకు ఆ రోజు చేపల పులుసు చేశాను.

ఇక్కడ మీకొక సంగతి చెప్పాలి. అది నాకూ పైడిరాజుకూ మాత్రమే తెలిసిన సంగతి. పొందూరు జెర్సీలూ నేనే కుడతాను. ప్రింటు వేయిస్తే ఉతుకుల్లో రాలిపోతుందని అన్ని జట్లూ నంబర్లు గుడ్డలో కోయించి కుట్టించుకునేవి. పొందూరులో పదకొండు ఇంకొకరికి ఉంది. పైడిరాజుకు అయిదో నంబరిచ్చారు. ఆ పసుపు జెర్సీ తీసుకోవడానికి వచ్చినప్పుడు తన పాత నీలం జెర్సీ కూడా తెచ్చాడు. ఎవరూ లేకుండా చూసి మెల్లిగా అడిగాడు.

"అక్కా, ఈ పదకొండు ముక్క ఇప్పేసి, కొత్తదాని లోపల ఎడంపక్కన కుట్టెయ్యవా? సెంటిమెంటు. ఇది లేకపోతే బంతి నా సెయ్యి మాట ఇనదు. ఎవరికీ సెప్పకే, నవ్వుతారు."

నేనే నవ్వాను. కుట్టిచ్చాను. పైకి కుట్టు కనిపించకుండా, నా పనితనమంతా చూపించి కుట్టాను. ఎవరికీ చెప్పనని మాటిచ్చాను.

నాలుగో ఆట అయిన మర్నాడు పొందూరు కోచ్ వచ్చాడు. రిటైరైన డ్రిల్లు మేష్టారు, మితభాషి. ఇంకో రెండు జెర్సీలు కావాలన్నాడు. ఒక్క పాయింటుతో పోయిందన్న బాధ మొహం మీద ఉంది. నేను కొలతలు రాసుకుంటున్నాను. తల ఎత్తలేదు. ఎత్తకుండానే అన్నాను.

"ఏటి మేష్టారూ, మీ పైడిరాజు జెర్సీ ఎప్పుడైనా తిరగేసి సూసినారా?"

అంతే. ఆ మాటే. ఆయన ఏమీ అడగలేదు. నేను ఇంకేమీ చెప్పలేదు. ఎందుకన్నానని నన్ను నేనే ఎన్నిసార్లు అడిగానో. నోరు జారిందా? జారలేదు. ఆదివారం సాయంత్రం నుంచి ఆ మాటను నాలుక మీద పెట్టుకుని తిరుగుతున్నాను. తమాషాకా? తమాషాకైతే తల ఎత్తి, కళ్ళల్లోకి చూసి అనేదాన్ని.

ఆ తర్వాతి ఆదివారం చీపురుపల్లి గ్రౌండులో, ఆట మొదలయ్యే ముందు, అందరూ చూస్తుండగా మేష్టారు పైడిరాజును జెర్సీ విప్పమన్నాడు. తిరగేశాడు. పసుపు గుడ్డ లోపల మా నీలం పదకొండు. పొందూరు ఓడితే లాభం ఎవరికో అయిదు ఊళ్ళకూ తెలుసు. ముందు వారం రెండు ఫ్రీ త్రోలు ఎవరు పోగొట్టారో కూడా తెలుసు. ఇక ఎవరికీ ఏమీ విడమరచనక్కర్లేకపోయింది. వాళ్ళ జట్టువాడే ఒకడు ఆ ముక్కను పీకి నేలకేసి కొట్టాడట. ఇదంతా మావాళ్ళు చూసొచ్చి నా కొట్టు ముందు నిలబడి చెప్పారు, పొట్ట పట్టుకుని నవ్వుతూ. నేనూ నవ్వాను. ఆ నవ్వు ఇప్పటికీ వినిపిస్తుంది.

మిగతా ఆటలన్నీ పైడిరాజును బెంచీ మీద కూర్చోబెట్టారు. పొందూరు అన్నీ ఓడింది. మూడు గెలిచినవాళ్ళు అయిదో స్థానానికి దిగిపోయారు. మొదటి వంతు మాది. నూకరాజు మావాడు. మరుసటి ఏడు కప్పు కూడా మాదే. కప్పుతో జట్టంతా దిగిన ఫోటో నా కొట్టులో వేలాడుతోంది, ఆ జెర్సీలు కుట్టింది నేనే కాబట్టి. కొత్తగా వచ్చినవాళ్ళు అది చూసి మెచ్చుకుంటారు. నూకరాజు నిజంగా ఎంత బాగా ఆడాడో! ఆ ఆనందం అబద్ధమని మాత్రం నేను చెప్పలేను. అది కూడా నాకు శిక్షే అనుకుంటాను.

పైడిరాజు మళ్ళీ బంతి ముట్టలేదు.

ఆటలన్నీ అయిపోయిన రెండు వారాలకు మిట్టమధ్యాహ్నం కొట్టుకొచ్చాడు. బాగా చిక్కిపోయాడు. స్టూలు మీద కూర్చుని, నేలకేసి చూస్తూ అడిగాడు.

"అక్కా, ఆ ముక్క సంగతి నువ్వెవరికైనా సెప్పినావేటి?"

"నేనెందుకు సెప్తాన్రా?" అన్నాను. ఎంత బాగా అన్నానో! అక్కడితో ఆపినా బాగుండేది. మనిషికి భయమేస్తే ఇంకో నాలుగు మాటలు కావాలనిపిస్తుంది. "ఆ జెర్సీలన్నీ ఉతికేదెవరు?"

"మా సింహాచలం."

సింహాచలం అతని బావమరిది, గౌరి తమ్ముడు. అదే జట్టులో ఆడేవాడు. ప్రతి ఆట అయ్యాక అందరి జెర్సీలూ మూట కట్టుకుపోయి ఉతికి తెచ్చేవాడు.

"మరింకేటి?" అన్నాను.

పైడిరాజు "ఆడు సెప్పడక్కా," అన్నాడు. అలా అంటూనే నమ్మేశాడు. మొహంలో తెలిసిపోయింది. లేచి వెళ్ళిపోయాడు.

ఆ రెండు పనులకూ నేను వాడినవి ప్రశ్నలే. చూశారా? మేష్టారిని అడిగాను, పైడిరాజును అడిగాను. ఎవరి మీదా ఏ నేరమూ మోపలేదు. దేవుడి ముందు ప్రమాణం చేయమన్నా చేస్తాను. ఇంత తెలివి నాకెక్కడిదని నా మీద నాకే భయం వేస్తుంది.

ఆ తర్వాత బావా బావమరుదుల మధ్య మాటల్లేవు. సింహాచలం పెళ్ళికి పైడిరాజు వెళ్ళలేదు. గౌరి ఒక్కతే వెళ్ళి, అక్షింతలు వేసి, భోజనం కూడా చేయకుండా వచ్చేసిందని విన్నాను. పైడిరాజు నన్ను మాత్రం అక్కా అనడం మానలేదు. పండక్కి బట్టలన్నీ నా దగ్గరే కుట్టిస్తాడు. పొందూరులో కుట్టేవాళ్ళు లేరా? ఇంత దూరం ఎందుకొస్తాడు? ఏం చూడ్డానికి? ఒకసారి కత్తెర అందిస్తూ, "నీ సేతి పని ఎవరూ పట్టుకోలేరక్కా," అన్నాడు. మెచ్చుకోలా? దెప్పా? మూడు రోజులు అన్నం సయించలేదు. మేష్టారు సంతలో ఎదురైతే తలూపుతాడు. ఆ తలూపులో ఏముంది? ఆయన ఎవరికైనా చెప్పాడా? చెప్తాడా? గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకునేదాన్ని నేనే. అనుమానం నేను ఇంకొకడికి అంటించాను, అది తిరిగొచ్చి నా ఇంట్లోనే కాపురం పెట్టింది.

పోయిన నెల గౌరి వచ్చింది. చేతిలో ఆ పసుపు జెర్సీ.

"వదినా, గుడ్డ గట్టిగా ఉన్నాది. పాపకి స్కూలు సంచీ కుట్టెయ్," అంది.

తిరగేశాను. చెయ్యి దానంతటదే తిరగేసింది. లోపల ఎడమపక్కన పదకొండు ఉంది! నా కుట్టు కాదు. దొడ్డుదారం, వంకరటింకరగా, ఒక చోట ముడి మీద ముడి. ఎవరు కుట్టారని అడిగాను.

"మా తమ్ముడు. ఆ రోజు గ్రౌండులో పీకి పారేస్తే, ఆట అయినాక ఎతికి ఏరుకొచ్చినాడు. సూది పట్టడం కూడా రాదు ఆడికి. కుట్టి, బావకిద్దామని తెచ్చేసరికి ఈయన గుమ్మంలోనే తలుపేసేసినాడు. పెట్టెలో దాసినాను. ఈయనకి ఇప్పటికీ తెలీదు." కళ్ళు తుడుచుకుంది. "ఇప్పుడేటుందిలే వదినా, ఆ ముక్క ఇప్పేసి కుట్టు."

వారంలో ఇస్తానన్నాను. నాలుగు వారాలైంది. ఆ ముక్క విప్పడానికి మూడుసార్లు బ్లేడు తీశాను. జెర్సీ బల్ల మీద అలాగే ఉంది. నిన్న పైడిరాజు ఫోను చేశాడు, పాప సంచీ ఏమైందక్కా అని. రేపిస్తాన్రా అన్నాను. నోట్లో ఇంకో మాట ఉంది. ఫోను పెట్టేశాను.

అందుకే రాస్తున్నాను. పేరు రాయనన్నాను గానీ, పేటలో జెర్సీలు కుట్టే ఆడది ఒక్కతే. ఇది మా వాళ్ళెవరి కంటైనా పడితే సాయంత్రానికి పొందూరు చేరుతుంది. అది తెలిసే రాస్తున్నానా? నేను చెప్పలేనిది ఇంకెవరైనా చెప్పి పెడతారనా? ఇదీ నా పాత తెలివేనా? ఏమో, నన్ను నేను నమ్మడం మానేసి చాలా కాలమైంది. క్షమించమని అడగడం లేదు. అడిగే మొహం లేదు. సంచీ కుట్టను. ఆ జెర్సీని అలాగే మడతపెట్టి, పైడిరాజు వస్తే లోపలి వైపు పైకి పెట్టి ఇస్తాను. అప్పుడు నోరు వస్తుందో రాదో తెలియదు.

రాకపోతే ఇక్కడున్నది చదువుకోనీ. ఈసారి ప్రశ్న అడగడం లేదు. నీ బావమరిది ఎవరికీ ఏమీ చెప్పలేదు పైడిరాజూ. నేను చెప్పాను.

రాసేశాను. చెయ్యి కొంచెం తేలికైంది. అంతే.