భోజనానికి ముందు ఆట

మా ఆయన కుట్టుమిషన్లు బాగుచేస్తారు. ముందుగదే దుకాణం. పగలంతా మిషన్ల టకటకలు, చీకటి పడకముందే భోజనాల దగ్గర పిల్లలిద్దరి కీచులాటలు. నా తల పగిలిపోయేది.

ఒకరోజు ఇద్దరూ ఒకే గ్లాసు కోసం జుట్లు పట్టుకుంటే, ఆయన కంచం ముందు కూర్చుని అన్నారు. "అందరూ కళ్లు మూసుకోండి. కాసేపు ఎవరూ నోరెత్తకూడదు. తర్వాత ఎవరికేం వినిపించిందో చెప్పాలి."

నేను గొంతు చించుకున్నా వినని రాక్షసులు బుద్ధిగా కళ్లు మూశారు! నాకు ఒళ్లు మండింది. కానీ ఆ నిశ్శబ్దం ఎంత హాయిగా ఉందో!

అప్పట్నుంచి రోజూ అదే ఆట. పిల్లాడు కుళాయి చుక్క చప్పుడును పట్టుకునేవాడు. పిల్ల తన కడుపులో గురగురను పట్టుకునేది. ఆయన మాత్రం ఎప్పుడూ "ఫ్రిజ్" అనేవారు.

మొన్న మేం కళ్లు మూసుకోగానే కరెంటు పోయింది. ఇంకా వెలుతురుందని లైట్లు వేయలేదు, ఫ్రిజ్ గుర్రుమనడం మాత్రం ఆగిపోయింది. ఆయన వంతు వచ్చింది.

"ఫ్రిజ్," అన్నారు.

పిల్లాడు పకపకా నవ్వాడు. పిల్ల నవ్వలేదు. "నాన్నా, నీకు వినపడట్లేదు కదూ?"

ఆయన కంచం పక్కకు జరిపారు. "కొన్నాళ్లుగా చిన్న చప్పుళ్లు తెలియట్లేదమ్మా. చెబితే నాకోసం ఆట మానేస్తారని చెప్పలేదు. మీ అమ్మ కేకలు మాత్రం బ్రహ్మాండంగా వినిపిస్తున్నాయి."

నాకు నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. "మరి మిషన్లెలా బాగుచేస్తున్నారండీ?"

"చేత్తో. పైన అరచెయ్యి వేస్తే ఎక్కడ పట్టేస్తోందో తెలిసిపోతుంది."

"అయితే రేపు చేతుల్తో ఆడదాం," అంది పిల్ల.

"ముందు చెవుల డాక్టరు," అన్నాను నేను. ఈ ఇంట్లో చివరి మాట నాదే.

మర్నాడు పొద్దున డాక్టరుకి చూపించాం. చెవికి మిషన్ పెట్టుకోవాలట, తయారై రావడానికి కొంచెం టైం పడుతుందట. సాయంత్రం అందరం గోడకి అరచేతులు ఆనించి కళ్లు మూసుకున్నాం. నాకు సున్నం చల్లదనం తప్ప ఏమీ తెలియలేదు.

"పక్కింట్లో వాషింగ్ మిషన్ తిరుగుతోంది," అన్నారాయన.

పిల్లాడు గోడకి చెవి పెట్టి కళ్లింత చేసుకున్నాడు. "నిజమేనే అమ్మా!"

పిల్ల తన చేతిని తీసుకెళ్లి నాన్న అరచేతిలో పెట్టింది. "ఇప్పుడేం తెలుస్తోంది?"

ఆయన కళ్లు తెరవలేదు, తడుముకోనూ లేదు.

"నవ్వాపుకుంటున్నావు," అన్నారు.