ఖల్లివల్లి అయిన డ్రోన్

నాగేందర్ చేతికి మూత ఉన్న వస్తువు ఇస్తే, మూత తీసి చూడకుండా తిరిగి ఇవ్వడు. మా దోస్తీ అట్లాగే మొదలైంది. నేను నిజామాబాద్‌లో పెళ్ళి ఆల్బమ్‌లు తయారుచేస్తాను, అతను బోధన్‌లో పెళ్ళి ఫోటోలు, వీడియోలు తీస్తాడు. మొదటిసారి నా దుకాణానికి వచ్చినప్పుడు, ఫోటోలు కాపీ అయ్యేలోపు, గురగురలాడే నా ప్రింటర్‌ను విప్పి కూర్చున్నాడు. ప్రింటర్ బాగుపడింది కానీ ఒక స్క్రూ మిగిలిపోయింది. అది ఎక్కడిదో తేలేదాకా ఫోన్లు చేసి నా ప్రాణం తీశాడు.

మీసాలు వచ్చిన కొత్తలోనే ఏసీ పనికి దుబాయ్ పోయాడు. అక్కడ పనిలో పెట్టుకున్న యజమానిని కఫీల్ అంటారు. పాస్‌పోర్ట్ ఆయన దగ్గరే ఉండేది, ఆయన ఇస్తేనే ఇంటిదారి. జీతం ఇవ్వని కఫీల్‌ను వదిలేసి నాగేందర్ బయటపడ్డాడు. అట్లా బయటపడి దొంగచాటుగా బతికేవాణ్ణి మా దిక్కు ఖల్లివల్లి అయ్యాడంటారు. వాడు ఉన్న దేశంలో వాడు ఉన్నట్టు లెక్కలేదు, సొంత దేశానికి రావడానికి కాగితం లేదు. చివరికి అక్కడి ప్రభుత్వం క్షమాభిక్ష పెట్టినప్పుడు చేతిసంచితో ఇల్లు చేరాడు. ఆ రోజుల గురించి అడిగితే ఏసీల సంగతులు చెబుతాడు, మిగతావి చెప్పడు.

డ్రోన్ కొన్నాక అతని సంబరం చూడాలి. అయితే రెంజల్‌లో ఒక బరాత్ తీస్తుండగా, చెరకు తోట అవతలికి పోగానే తెర మీద బొమ్మ ఆగిపోయింది. డ్రోన్ బుద్ధిగా తనంతట తాను వెనక్కి వచ్చింది కానీ, పెళ్ళికొడుకు గుర్రం దిగిన ఘట్టం మాత్రం దొరకలేదు. పెళ్ళివారి తిట్లు అతనికి ఎక్కలేదు. సిగ్నల్ ఎందుకు పోయిందన్న ప్రశ్న మాత్రం బుర్రలో దిగబడింది.

కొన్నాళ్ళు తవ్వి తవ్వి సంగతి పట్టుకొచ్చాడు. రిమోట్‌లోని రేడియో ఎంత గట్టిగా మాట్లాడాలో ఒక్కో దేశం ఒక్కో హద్దు పెడుతుందట. తాను ఏ దేశంలో ఉందో డ్రోన్ ఆకాశంలోని ఉపగ్రహాలను బట్టి తెలుసుకుంటుందట, యాప్ ఆ దేశపు హద్దుకు తగ్గట్టు గొంతు తగ్గిస్తుందట.

"ఒకటే డబ్బ, ఒకటే బ్యాటరీ. ఈడ గుసగుస, ఇంకోకాడ బొబ్బ. ఎందుకట్ల అన్నా?" అని నన్ను అడిగాడు. నాకేం తెలుసు! ఉన్నదాంతో ఎగరేసుకోరాదా అని కసురుకున్నాను.

వింటాడా? ఎవరో ముక్కూ మొహం తెలియనివాడు మార్చిపెట్టిన యాప్‌ను నెట్‌లో ఒక గ్రూపులో సంపాదించాడు. అది వేస్తే డ్రోన్ తాను వేరే దేశంలో ఉన్నాననుకుంటుంది. అది చట్టానికి విరుద్ధమని, జోలికి పోవద్దని ఆ గ్రూపులోనే ఒకరు రాశారు. మనవాడికి ఆ హెచ్చరిక కూడా ఇంకో మూతలాగే కనిపించింది.

ఒక సాయంత్రం నన్ను బోధన్ పిలిపించుకున్నాడు. మూతపడ్డ షుగర్ ఫ్యాక్టరీ చిమ్నీ దాకా పోకముందే ఇదివరకు అతని డ్రోన్‌కు సిగ్నల్ పోయేది. ఆ రోజు చిమ్నీ దాటింది, ఆ వెనక తుమ్మల మీదుగా ఇంకా పోయింది, తెర మీద బొమ్మ చెక్కుచెదరలేదు. నిజం చెప్పాలంటే నాకూ ముచ్చటేసింది. నాగేందర్ మెల్లగా, "ఖల్లివల్లి అయిందన్నా ఇది" అని నవ్వాడు. అప్పటినుంచి దాని పేరు అదే అయింది.

ఇట్లా ఉండగా ఎడపల్లి నుంచి స్నేహలత అనే అమ్మాయి అతని దగ్గరికి వచ్చింది. ఆడవాళ్ళ పొదుపు సంఘానికి పొలాలకు మందు కొట్టే డ్రోన్ ఒకటి వస్తే, శిక్షణ తీసుకుని దాన్ని నడిపే బాధ్యత ఆమె తలకెత్తుకుంది. రైతులు ఇప్పుడిప్పుడే నమ్మి పిలుస్తున్నారు. అలాంటిది ముత్తన్న అనే పెద్ద రైతు వరిలో మందు కొడుతుండగా డ్రోన్ నడిమడిలో ఆగి వెనక్కి వచ్చేసింది. రెండోసారీ అంతే. మందు ఒకచోట ఎక్కువ పడి కొంత వరి మాడిపోయింది. ఆడవాళ్ళ చేతికి ఇట్లాంటివి ఇస్తే ఇట్లాగే అవుతుందని ముత్తన్న ఊరంతా చెప్పాడు. డ్రోన్‌ను ఆమె దగ్గర ఉంచాలా, ఇంకో ఊరి సంఘానికి ఇచ్చేయాలా అన్నది తేల్చడానికి సంఘం కూర్చోబోతోంది. అంతకుముందే అందులో లోపమేమిటో పట్టుకోవాలని ఆమె తాపత్రయం.

విప్పడానికి కొత్త వస్తువు దొరికేసరికి నాగేందర్ మొహం వెలిగిపోయింది. వైర్లు చూశాడు, మోటార్లు చూశాడు, యాంటెన్నాలు తుడిచాడు. లోపం లేదు. నన్నూ వెంటబెట్టుకుని పొలానికి తీసుకుపోయి ఎగరేస్తే చక్కగా ఎగిరింది. అప్పుడు, అది ఆగిన రోజుల్లో చుట్టుపక్కల ఏమేం జరిగిందో గుర్తు తెచ్చుకొమ్మన్నాడు.

"మొదటిసారి గా కాల్వ గట్టు మీద పెండ్లి జంట ఫోటోలు దిగుతుండె అన్నా. పిల్ల ఎర్ర లంగా ఏసుకున్నది. రెండోసారి గాళ్ళు పచ్చ బట్టలేసుకొని అచ్చిండ్రు" అంది స్నేహలత.

ఆ ఎర్ర లంగాను, పచ్చ బట్టలను ఆల్బమ్‌లో అతికించింది నేనే. తీసింది నాగేందర్, ఖల్లివల్లితోనే. నేను అతని వైపు చూశాను, అతను కాల్వ వైపు చూస్తున్నాడు.

పట్టిన కుతూహలం వదలదు కదా. ట్యాంకులో మందుకు బదులు నీళ్ళు పోయించి స్నేహలతను ఆమె డ్రోన్ లేపమన్నాడు. నన్ను ఆమె రిమోట్ మీది సిగ్నల్ గీతలు చూస్తూ ఉండమన్నాడు. తాను గట్టు మీద నిలబడి ముందు అసలు యాప్‌తో తన డ్రోన్ ఎగరేశాడు. గీతలు కదల్లేదు. తర్వాత, యాప్ సంగతి ఆమెకు చెప్పి, ఖల్లివల్లిని లేపాడు. నా కళ్ళ ముందే గీతలు ఒక్కొక్కటే రాలిపోయాయి, స్నేహలత డ్రోన్ మడి మధ్యలో ఆగి వెనక్కి తిరిగింది. మనవాడి రిమోట్ పెట్టే బొబ్బలో ఆమె రిమోట్ చెప్పే మాట దాని డ్రోన్‌కు వినపడలేదు. పెళ్ళి డీజే ముందు నిలబడి పక్కవాడితో మాట్లాడినట్టే అయింది. మళ్ళీ చేశాడు, మళ్ళీ అదే. ఇంకోసారి చేయబోతే ఆమె ఆపింది.

"సాలన్నా. నీ డ్రోన్ వేరే దేశం పోయింది గని, మేము ఈడనే ఉన్నం గద."

వాపసు వస్తూ బండి మీద నాగేందర్, "మనం ఒప్పుకోకుంటె గా పిల్ల మాట ఎవ్వరు నమ్మరన్నా" అన్నాడు. చెబితే పోలీసు కేసు కావచ్చు, మాడిన వరికి ముత్తన్న మీద పడవచ్చు, ముందున్న పెళ్ళిళ్ళు చేజారవచ్చు. ఆ భయం నాకూ తెలుసు. కానీ నాకు కోపం వచ్చింది. ఆ పిల్ల నోరు ఇంకెంత దూరం నొక్కుతావని గట్టిగానే అడిగేశాను. నాగేందర్ బండి వేగం పెంచాడు.

సంఘం కూర్చున్న రోజు మాత్రం, ఎవరూ పిలవకుండానే, నన్ను వెంటబెట్టుకుని వచ్చాడు. ఆ సంఘానికి పెద్ద గంగుబాయి. ఆమె ఇంటాయన కువైట్ పోయి, కఫీల్‌ను వదిలి, పాస్‌పోర్ట్ లేక ఏళ్ళుగా ఖల్లివల్లిగా ఉన్నాడు. అప్పుడప్పుడు ఎవరిదో ఫోన్ నుంచి మాట్లాడతాడు, అంతే. ముత్తన్న కూడా వచ్చి గోడవార కూర్చున్నాడు.

నాగేందర్ డ్రోన్‌ను అందరి మధ్యా పెట్టాడు. "తప్పు స్నేహలతది గాదు, నాది. గీ డ్రోన్ ఈడ ఉండి ఈడ లేనట్టు ఉండె. ఖల్లివల్లి చేసిన" అన్నాడు. రేడియో, హద్దులు అని అతను మొదలుపెట్టేలోపే ఆ ఒక్క మాట అందరికీ అందింది. ఆ మాట తెలియని ఇల్లు ఆ ఊళ్ళో లేదు. మాడిన వరి నష్టం తనదేనన్నాడు. ముత్తన్న కాసేపు గొణిగి, ఎల్లుండి మిగిలిన మడికి రమ్మని స్నేహలతతోనే చెప్పాడు. ఆ పిల్ల కళ్ళు తుడుచుకుంది.

అందరూ చూస్తుండగానే నాగేందర్ ఆ యాప్ తీసేసి అసలుది వేశాడు. కాసేపటికి తెర మీద మన దేశం పేరు కనిపించింది. ఇగ ఇది ఇంటికొచ్చినట్టే అని చూపించాడు.

గంగుబాయి ముందుకు వంగి ఆ తెరను చాలాసేపు చూసింది.

"గంతేనా తమ్మీ? ఇంటికొచ్చుడు గింత తేల్కగ అయితదా?" అంది.

నాగేందర్ డ్రోన్ రెక్కలు ఒక్కొక్కటి మడిచి సంచిలో పెట్టుకున్నాడు. తర్వాత ఆమె మొహం చూడకుండా చెప్పాడు.

"దీనికి కఫీల్ లేడక్కా."