పసుపు కొమ్ముల ఫ్లెక్సీ

నిజామాబాద్‌లో ఫ్లెక్సీలు చేసేవాళ్లకు కొదవలేదు గానీ, బ్యాక్‌గ్రౌండ్ సొంతంగా చేసేవాడు తానొక్కడేనని జహూర్ నమ్మకం. ఇంటర్నెట్‌లో దొరికిన పూలూ తీగలూ తెచ్చి అతికించేవాళ్లను చూస్తే అతనికి ఒళ్లు మంట. గోడల మీద బ్రష్షుతో అక్షరాలు రాసిన చేయి అది. ఆ పని మూలపడ్డాక, నడివయసులో కూతురి పక్కన కూర్చుని ఫోటోషాప్ నేర్చుకున్నాడు. ఒక ఆకునో పువ్వునో ఫోటోలోంచి కత్తిరిస్తాడు. ముక్క పక్కన ముక్క పెడితే అతుకు కనబడకుండా అంచులు సరిచేసి, దాంతో ఫ్లెక్సీ మొత్తం నింపుతాడు. అంతసేపూ పక్కన చాయ్ చల్లారిపోయినా పట్టదు. చూసినవాళ్లు మెచ్చుకోకపోతే మాత్రం ముఖం మాడ్చుకుంటాడు.

ఒకరోజు కమ్మర్‌పల్లి నుంచి రామ్‌దాస్ అనే పసుపు రైతు వచ్చాడు. కొడుకు అఖిలేష్ పెళ్లి రిసెప్షన్‌కు, వేదిక వెనక కట్టే ఫ్లెక్సీ కావాలన్నాడు.

"పిల్లల ఎన్క మా పసుపు కనవడాలె జహూర్ భాయ్. దాని మీదనే బతికినోళ్లం."

ఇంటికి పోయి వాట్సాప్‌లో ఫోటోలు పంపాడు. కాసేపటికి ఫోన్ చేశాడు.

"భాయ్, ఆఖరిది పురుగుమందుల దుకాణపాయనకు పంపవోయి నీకు పంపిన. గా ఫోటో తీసెయ్. అస్సలు వెట్టకు."

"సరే పటేల్," అన్నాడు జహూర్.

సరే అన్నవాడు ఊరుకోవచ్చు కదా! ఆ ఆఖరి ఫోటోయే అతని కంటికి ఆనింది. మిగతా వాటిలో పసుపు కుప్పలు కుప్పలుగా, దుమ్ముదుమ్ముగా ఉంది. ఇందులో అరచేతిలో ఒకే కొమ్ము, దాని మీద గోధుమరంగు నీడలు. రంగుల సంగతి రైతుకేం తెలుసు, కట్టాక చూసి తనే మురిసిపోతాడులే అనుకున్నాడు. ఆ కొమ్మునే కత్తిరించి, నీడల్ని ఇంకా ముదురు చేసి, ఫ్లెక్సీ నిండా పరిచాడు. ప్రింటుకు ముందు ఒకసారి చూపించమని రామ్‌దాస్ అడిగితే, "ఫోన్ల ఏం కనవడ్తది పటేల్, కట్టినంక సూడు," అన్నాడు.

మెప్పు చెవులారా వినాలని, కట్టడానికి పనివాళ్లను పంపకుండా తానే వెళ్లాడు. టెంటు కింద జనం అప్పుడే చేరుతున్నారు. అందరూ పసుపు పండించేవాళ్లే. తాడు ముడివేసి వెనక్కి తిరిగేసరికి అందరూ ఫ్లెక్సీనే గుడ్లప్పగించి చూస్తున్నారు.

రామ్‌దాస్ తల్లి ముత్తవ్వ దగ్గరికొచ్చి చూసి, నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. "అయ్యో బిడ్డా, కుళ్లిన కొమ్ములు గదరా ఇవి! పెండ్లిపిల్ల ఎన్క దుంపకుళ్లు వెడ్తరా ఎవలన్న?"

జహూర్ తలెత్తి చూశాడు. తాను నీడలనుకున్నదంతా కుళ్లు. తీసెయ్యమన్న మాట చెవిలో గింగురుమంది. భూమి చీలితే అందులోకి పోదామనిపించింది.

పెళ్లికూతురి తండ్రి పోశన్న ముఖం ముడుచుకున్నాడు. "ఎవలు వెట్టుమన్నరు బావా గీ ఫోటో?"

రామ్‌దాస్ ఒకసారి జహూర్ వైపు చూశాడు. ఉన్నమాట చెబితే చాలు, జహూర్ పరువు అక్కడికక్కడే పోతుంది. పని మీద వచ్చిన మనిషిని నలుగురిలో నిలబెట్టడానికి అతనికి మనసొప్పలేదు కాబోలు.

"నేనే పంపిన బావా. కుళ్లని తెల్వలే," అన్నాడు.

పుట్టి పెరిగిందే పసుపు చేలో. అలాంటి మనిషి, అంతమంది రైతుల ముందు, కుళ్లు తెలియలేదన్నాడు. తప్పు నాది అని చెప్పడానికి జహూర్ నోరు తెరిచాడు. మాట రాలేదు. రాలేదనడం కూడా అబద్ధమే, రానివ్వలేదు. సిగ్గుతో చెవులు కాలిపోతుంటే వంచిన తల ఎత్తకుండా ఫ్లెక్సీ విప్పాడు. దాని చోట ఇంట్లోవాళ్లు ఒక పట్టుచీర కట్టారు.

చెప్పకుండా జారుకుందామనుకుంటే రామ్‌దాస్ చేయి పట్టుకుని ఆపాడు.

"తినిపో భాయ్. మా ఇంటికెల్లి ఉపాసం పోతవా?"

నాలుగు తిట్టినా బాగుండేది. జహూర్ వెళ్లి బంతిలో కూర్చున్నాడు. రామ్‌దాసే స్వయంగా కూర వడ్డిస్తున్నాడు. ఎదుటి వరసలోంచి పోశన్న గట్టిగా అన్నాడు:

"మా బావకు మంచి కొమ్మేదో కుళ్లేదో తెల్వదంట! కూరలన్న మంచి పసుపు ఏసిండో లేదో సూసి తినుండ్రి!"

అందరూ నవ్వారు. రామ్‌దాస్ కూరగిన్నె పట్టుకుని తల వంచుకున్నాడు. పక్కన కూర్చున్నాయన నవ్వుతూ తన ముఖంలోకి చూసేసరికి, జహూర్ కూడా నవ్వాడు.