రుద్దకూడదు, అద్దాలి

ఆ డ్రై క్లీనింగ్ షాపుకి రెండు గదులు. ముందు గదిలో అద్దాల తలుపు, ఫ్యాను, బట్టలు తీసుకుని చీటీ రాసిచ్చే ఎత్తైన బల్ల, ఆ బల్లకి తగ్గట్టు ఓ ఎత్తు కుర్చీ ఉంటాయి. వెనక గదిలో ఆవిరి, స్పిరిట్ వాసన, సిమెంటు నేల ఉంటాయి. ఆ వెనక గదిలోనే మరకలక్క పందొమ్మిదేళ్ళుగా నిలబడి ఉంది. ఆ పేరు పెట్టింది పక్క బల్ల మీద బట్టలు నొక్కే ఇస్త్రీ మేస్త్రి. ఎన్ని మరకలు తీసినా ఈ మరక మాత్రం ఆమెను వదల్లేదు.

ఆమె పని తీరు చూసి తీరాలి. చొక్కా బల్ల మీద పరిచి, మరకని వెలుతురుకి పట్టి చూసి, వాసన చూసి, ఇది సిరా, ఇది కాఫీ, ఇది వంటనూనె, ఇది బండి నూనె అని తేల్చేస్తుంది. ఇచ్చినవాళ్ళు చెప్పింది ఎప్పుడూ నమ్మదు. మరక విషయంలో నిజం చెప్పే మనిషి ఇంకా పుట్టలేదని ఆమె అభిప్రాయం. మరకని బట్టి మందు, బట్టని బట్టి చెయ్యి. పని నేర్చుకోవడానికి ఎవరొచ్చినా మొదటిరోజు ఆమె చెప్పేది ఒకటే మాట: "రుద్దకూడదు, అద్దాలి. రుద్దితే మరక పోదు, బట్ట పోతుంది."

ఇంత తెలిసిన మనిషికి రోజంతా మనసులో ఉండేది మరకలు కాదు, కూర్చోవడం. నలభై నాలుగేళ్ళకే మడమలు పగిలి, మోకాళ్ళు లేచినప్పుడొక మాట, వంగినప్పుడొక మాట అంటున్నాయి. పొద్దున తొమ్మిదింటికి నిలబడితే భోజనానికి అరగంట, మళ్ళీ ఏడింటిదాకా నిలబడటమే. బస్సులో సీటు దొరికిన రోజు ఆమెకి పండగ. దిగాల్సిన స్టాపు దాటిపోయినా ఇంకో స్టాపు కూర్చుని, వెనక్కి నడిచొచ్చిన రోజులున్నాయి. అలా చేస్తే ఆ కూర్చున్న సుఖం నడకకే సరిపోతుందని ఆమెకి తెలియక కాదు.

అందుకే ముందు గదిలో చీటీలు రాసే అమ్మాయి రెండు నెలల్లో మానేస్తోందని తెలిసిన రోజు మరకలక్కకి ఆ ఎత్తు కుర్చీయే కళ్ళ ముందు కనిపించింది. అడగందే అమ్మైనా పెట్టదని, చేతులు తుడుచుకుని నేరుగా షాపు మేడం దగ్గరికి వెళ్ళింది.

"మేడం, ముందు పని నాకివ్వండి. నాకు రాయడం వచ్చు. నిలబడలేకపోతున్నాను."

మేడం చెడ్డమనిషి కాదు. కాకపోతే కాదనడం చేతకాని మనిషి. కాదనలేనివాళ్ళు చేసే చేటు చెడ్డవాళ్ళు కూడా చెయ్యరు. ఆమె మరకలక్కని పైనుంచి కిందికి చూసి, ముఖం దగ్గర ఆగింది.

"ముందు కూర్చునేవాళ్ళ ముఖం చూసే కదా బట్టలిస్తారు? నీ ముఖం చూడమ్మా, ఎలా జిడ్డు కారుతోందో. మరకలు తీసే షాపులో మనిషే ఇలా ఉంటే ఏమనుకుంటారు? కాస్త చూసుకో. రెండు నెలలుందిగా, చూద్దాం."

జిడ్డు మాట నిజమే. పదిహేనేళ్ళ వయసు నుంచీ ఆమె ముఖం అంతే. పొద్దున కడిగితే పదింటికల్లా నుదురు, ముక్కు మెరిసిపోతాయి. ఇంట్లో అత్తగారు, "నీ ముఖం మీద ఒత్తి వేస్తే చాలే, దీపానికి నూనె కొనక్కర్లేదు" అని నవ్వేది. లారీ తోలుకుంటూ నెలలో నాలుగు రోజులు ఇంటికొచ్చే మొగుడు ముఖం సంగతి ఎప్పుడూ ఎత్తలేదు. అసలు చూశాడో లేదో కూడా తెలియదు. ఆమె కూడా దాన్ని పట్టించుకోవడం ఎప్పుడో మానేసింది. ఇప్పుడు కుర్చీకీ తనకీ మధ్య ఉన్నది ఆ జిడ్డొక్కటే అని తేలాక, ఇక దాని సంగతి తేల్చాలనుకుంది.

జిడ్డు తీయడం ఆమెకి కొత్తా? వేల కాలర్ల మీద తీసింది. మెడ జిడ్డు పట్టి నల్లబడ్డ కాలరుకి షాపులో ఓ పచ్చ సబ్బు కడ్డీ ఉంటుంది. వేడినీళ్ళు, ఆ సబ్బు, గట్టి బ్రష్షు. అప్పటికీ మొండికేస్తే స్పిరిట్. ఆ సబ్బులో ఓ ముక్క కోసి ఇంటికి తెచ్చుకుంది. బ్రష్షు బదులు గరుకు తువాలు. పొద్దున లేవగానే ఒకసారి, బయల్దేరే ముందు ఒకసారి, షాపులో మూడుసార్లు, ఇంటికొచ్చాక ఒకసారి. నిమ్మచెక్క అత్తగారి సలహా. సుద్దపొడి మాత్రం సొంత బుర్ర. నూనె మరక మీద సుద్దపొడి చల్లితే పీల్చేస్తుంది కదా అని, ముక్కు మీద కూడా అద్దుకుని వచ్చింది.

మొదటి వారం ముఖం బిగిసి, తళతళలాడింది. గెలిచాననుకుంది. రెండో వారం బుగ్గలు గీసినట్టు ఎర్రబడ్డాయి. నవ్వితే నోటి పక్కన చర్మం చిట్లేది. మూడో వారానికి బుగ్గలు పొట్టు లేస్తున్నాయి, నుదురు మాత్రం ఎప్పటిలా మెరుస్తూనే ఉంది. కొండ నాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టయింది. అయినా ఆపలేదు. మొండి మరకకి ఇంకాస్త గట్టిగా పట్టాలని, కడగడం ఇంకోసారి పెంచింది. ఒళ్ళు అలిసిన మనిషికి ఇంకో పని పెట్టుకోవడమంటే ఏమిటో చెప్పక్కర్లేదు. పొద్దున కుళాయి దగ్గర తువాలుతో ముఖం రుద్దుకుంటూ నిలబడే నిద్రపోయింది ఒకరోజు. అత్తగారు పిలిస్తే గానీ మెలకువ రాలేదు.

"ఏమే, ముఖం ఉంచుకుంటావా, అరగదీసేస్తావా?"

"కుర్చీ కోసం అత్తయ్యా" అంది. ఆ మాటకి అత్తగారు ఎగతాళి చెయ్యలేదు. ఆమె కూడా పాతికేళ్ళు ఓ బడి వరండాలు తుడిచిన మనిషే.

ఆ వారంలోనే ఓ కోటు మీద ఆవిరి గొట్టం పెడుతుంటే ఆవిరి ఎదురు తిరిగి ముఖానికి కొట్టింది. రోజూ తగిలే ఆవిరే. కానీ ఆ రోజు పుండు మీద కారం చల్లినట్టు మండి, గొట్టం వదిలేసి గట్టిగా అరిచింది. ఇస్త్రీ మేస్త్రి పరుగెత్తుకొచ్చి ఆమె ముఖాన్ని దగ్గరగా చూశాడు.

"అక్కా, ముఖాన్ని ఏ డ్రమ్ములో వేసి తిప్పావ్? ముందు ఆస్పత్రికి పో. ఇక్కడ నేను చూసుకుంటాలే."

ఆస్పత్రిలో చర్మం డాక్టరు గది ముందు పొడుగాటి బెంచీ ఉంది. రెండు గంటలు కూర్చోవాల్సి వచ్చింది. పక్కనున్నవాళ్ళు గడియారం చూసి విసుక్కుంటుంటే మరకలక్క మాత్రం ఇంకాసేపు పిలవకపోతే బాగుండుననుకుంది. ముఖం భగభగ మండుతోంది, కాళ్ళకి మాత్రం హాయిగా ఉంది.

డాక్టరు చిన్నపిల్లే, ఆమెకీ కళ్ళ కింద నిద్రలేమి నలుపు ఉంది.

"రోజుకి ఎన్నిసార్లు కడుగుతారమ్మా?"

"ఏడు."

"దేంతో?"

"కాలర్ల సబ్బుతో."

డాక్టరు రాయడం ఆపింది. మరకలక్క తన పనేంటో, ఆ సబ్బేంటో, సుద్దపొడి ఎందుకో పూసగుచ్చినట్టు చెప్పింది. చెబుతుంటే తనకే ఎక్కడో తేడా కొడుతోంది, కానీ మాట ఆపుకోలేకపోయింది.

"చూడమ్మా, మరక బయట నుంచి వస్తుంది. ఈ నూనె లోపల నుంచి వస్తుంది. పైన మీరెంత తోమినా లోపల తయారయ్యేది ఆగదు. మీరు తీసేసింది జిడ్డుని కాదు, చర్మం పైపొరని. అందుకే ఈ మంట." డాక్టరు చీటీ మీద రాస్తూ చెప్పింది. "పొద్దున ఒకసారి, పని నుంచి వచ్చాక ఒకసారి. గోరువెచ్చటి నీళ్ళు, ఘాటు లేని ఈ ఫేస్‌వాష్. వేళ్ళతోనే. తువాలుతో రుద్దకూడదు, అద్దాలి."

మరకలక్కకి చెంప మీద కొట్టినట్టయింది. పందొమ్మిదేళ్ళుగా పదిమందికి తను చెప్పిన మాట. పట్టుచీర మీద గోరు కూడా తగలనివ్వని చెయ్యి, తన ముఖాన్ని మాత్రం మెకానిక్కు తెచ్చిన గుడ్డలా ఉతికింది. ఊరందరికీ శకునం చెప్పిన బల్లి కుడితిలో పడిందట. సిగ్గేసి తల దించుకుంది.

"తడి ఆరకముందే ఈ జెల్ పల్చగా రాయండి" అంది డాక్టరు.

"జిడ్డు ముఖానికి మళ్ళీ పూతా?"

"ఇందులో నూనె ఉండదు. ఎండిపోయిన చర్మానికి తడి కావాలి. మధ్యాహ్నం మెరిస్తే కడగొద్దు, మెత్తటి కాగితం పెట్టి తియ్యండి, అంతే. ఇంకో మాట. మెరుపు మొత్తం పోదు. మీ చర్మం తీరే అది. మంట లేకుండా, పొట్టు లేకుండా ఉంచుకోవడం మన చేతిలో పని. నెల పైనే పడుతుంది, ఓపిక పట్టండి."

ఓపిక ఒక్కటే ఆమె దగ్గర కొనకుండా ఉన్నది. సరేనంది.

ఇంట్లో జెల్ ట్యూబు చూసి అత్తగారు బుగ్గలు నొక్కుకుంది. "కారే కుండలో మళ్ళీ నీళ్ళు పోస్తావా?" మరకలక్కకి కూడా లోపల అదే అనుమానం. అయినా సాయంత్రం పెరట్లో బకెట్టు బోర్లించి కూర్చుంది. వేళ్ళతో మెల్లగా కడుక్కుని, మెత్తటి పాత గుడ్డతో నుదురు మీద, బుగ్గల మీద, గడ్డం కింద అద్దుకుంది. ఆ రెండు నిమిషాల్లో ఆమెకి ఏడుపొచ్చింది. మంటకి కాదు. తన ముఖాన్ని ఎవరైనా అంత నెమ్మదిగా ముట్టుకుని ఎన్నేళ్ళయిందో గుర్తు రాలేదు. ఇప్పుడు ముట్టుకున్నదీ తన చేతులే కదా అని ఇంకాస్త ఏడ్చింది.

మొదటి వారం ఏమీ కనిపించలేదు. నుదురు మెరిసినప్పుడల్లా చెయ్యి పచ్చ సబ్బు మీదికే పోయేది. మూడోరోజు ఓర్చుకోలేక ఒకసారి రుద్దింది కూడా, రాత్రంతా మండి బుద్ధొచ్చింది. మడత పెట్టిన చొక్కాల్లో పెట్టే పల్చటి కాగితం ముక్కలు కొంగున దోపుకుని, మధ్యాహ్నం ముక్కు మీద ఆనించి తీసేది. కాగితం పారదర్శకంగా మారితే ఇస్త్రీ మేస్త్రి, "మంచి సరుకే దిగిందక్కా" అనేవాడు. రెండో వారానికి పొట్టు రాలడం ఆగింది. నాలుగో వారంలో ఓ పొద్దున అద్దంలో చూసుకుంటే ఎరుపు లేదు. మెరుపుంది, కాస్త. తడిసిన ఆకు మీద ఉన్నంత. అత్తగారు దగ్గరికొచ్చి, బుగ్గ మీద వేలితో తాకి, ఏమీ అనకుండా వెళ్ళిపోయింది. ఆమె నోటి నుంచి మాట రాలేదంటే అదే పెద్ద మెప్పు.

రెండు నెలలు నిండాయి. చీటీల అమ్మాయి వెళ్ళిపోయింది. మర్నాడు పొద్దున మరకలక్క ఉతికిన చీర కట్టుకుని, వెనక గదిలోకి పోకుండా ముందు బల్ల దగ్గరే నిలబడింది. కుర్చీలో మేడం కూర్చుని ఉంది. తలెత్తి చూసింది.

"అరె, బాగైందే! నిజంగా బాగైంది. ఏం రాశావ్?"

మరకలక్క నవ్వింది. చిట్లని నవ్వు. "మరి ముందు పని ఎప్పట్నుంచి మేడం?"

మేడం చీటీల పుస్తకం సర్దింది. సర్దిందే మళ్ళీ సర్దింది.

"సోమవారం మా చెల్లెలి కూతురొస్తోందమ్మా. రెండు నెలల కిందే మాటిచ్చేశాను. అయినా నువ్వు ముందుకొస్తే వెనక మరకలెవరు తీస్తారు చెప్పు? నీ చెయ్యి ఇంకెవరికుంది?"

"ముఖం అన్నారు కదా."

"ఏదో అప్పుడు నోటికొచ్చింది, అన్నాను. అది నువ్వింత పట్టించుకుంటావనుకోలేదు."

మరకలక్క కుర్చీ వైపు చూసింది. నోటికొచ్చిన మాట! ఆ మాట పట్టుకుని తను రక్తం చిమ్మేదాకా తోలు వలుచుకుంది. కోపం రావాల్సినంత వచ్చింది గానీ, దాన్ని చూపించడానికి కూడా ఒంట్లో సత్తువ కావాలి. కాళ్ళు అప్పుడే లాగుతున్నాయి. పొద్దున తొమ్మిదైనా కాలేదు.

"కొంచెం లేవండి మేడం" అంది.

ఆమె గొంతులో అరుపు లేదు, ఏడుపూ లేదు. అందుకేనేమో మేడం లేచింది. మరకలక్క ఆ ఎత్తు కుర్చీని రెండు చేతులా ఎత్తి పట్టుకుని వెనక గదిలోకి నడిచింది. ఇస్త్రీ మేస్త్రి ఇస్త్రీపెట్టె పక్కన పెట్టి, గుమ్మానికున్న తెర పక్కకి లాగి పట్టుకున్నాడు. మరకల బల్ల ముందు కుర్చీ వేసింది. ఎక్కి కూర్చుంది. ఎత్తు సరిపోయింది. పందొమ్మిదేళ్ళలో ఈ బల్ల ముందు కుర్చీ పడుతుందా లేదా అని మేడం చూడలేదు, తనూ చూడలేదు. ఆ సంగతి ఇప్పుడే తట్టింది.

మేడం గుమ్మం దగ్గరికొచ్చింది. "ఏంటమ్మా ఇది? ముందు నేనేం చెయ్యను?"

"ఇంకోటి కొనండి. మరక తియ్యడానికి చెయ్యి కావాలన్నారుగా మేడం. చెయ్యి ఇక్కడే ఉంది."

ముందు గదిలో ఎవరో బట్టలు తెచ్చి బల్ల మీద తడుతున్నారు. మేడం అటూ ఇటూ చూసింది. "సరే, ఇవాళ్టికే. రేపు మళ్ళీ అక్కడ పెట్టెయ్యాలి, తెలిసిందా?"

"అలాగే మేడం" అంది మరకలక్క. మర్నాడు మేడం వచ్చేసరికి ఆమె అందులోనే కూర్చుని ఉంది.